చేయించుకోవడం నుంచి చేసుకోవడం దాకా: ఇంటివద్ద రక్తంలో చక్కెర పరీక్ష – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
మధుమేహం ఉన్నవారు తమ రక్తంలోని చక్కెరను తామే కొలుచుకోవడం నేడు సాధారణ దినచర్య. ఈ పరిణామాన్ని పరికరాల పురోగతిగా మాత్రమే వివరించడం పరిపాటి. అయితే రక్తపరీక్ష పట్టీ 1965లోనే వచ్చినా, ఇంటివద్ద స్వీయపరీక్షకు వైద్యలోకంలో గుర్తింపు రావడానికి పుష్కరకాలం పైనే పట్టింది. సాంకేతిక పరిమితులతో పాటు, కొలిచే అధికారం ఎవరిదన్న ప్రశ్న కూడా ఈ జాప్యానికి కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మధుమేహం, స్వీయపరీక్ష, గ్లూకోమీటర్, ఇన్సులిన్, వైద్యచరిత్ర.

1. ప్రవేశిక

'పరీక్ష చేయించుకోవడం', 'పరీక్ష చేసుకోవడం' అనే ప్రయోగాల మధ్య రూపంలో ఉన్న భేదం ప్రేరణార్థక ప్రత్యయం ఒక్కటే. అర్థంలో మాత్రం కర్తే మారిపోతాడు. మొదటిదానిలో పరీక్షించేది మరొకరు. రెండవదానిలో రోగి తానే. మధుమేహ చికిత్సలో ఈ కర్తృత్వం చేతులు మారిన తీరును 1965–1993 మధ్య పరిణామాలు స్పష్టంగా చూపుతాయి.

2. మూత్రపరీక్షల కాలం

మూత్రంలోని తీపిని ప్రాచీన భారతీయ వైద్యులు గుర్తించారు. 'మధుమేహం' అన్న పేరే అందుకు సాక్ష్యం. ఆ తీపికి కారణం చక్కెరేనని 1776లో ఆంగ్ల వైద్యుడు మాథ్యూ డాబ్సన్ నిరూపించాడు. ఇరవయ్యో శతాబ్దారంభంలో స్టాన్లీ బెనెడిక్ట్ రూపొందించిన రాగి ద్రావణం ఈ పరీక్షను సులభతరం చేసింది. ఆ నీలిద్రావణంలో మూత్రం కలిపి వేడిచేస్తే, చక్కెర మోతాదును బట్టి రంగు ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపుగా మారుతుంది. 1941లో వచ్చిన క్లినిటెస్ట్ బిళ్ల, 1956లో వచ్చిన క్లినిస్టిక్స్ పట్టీ ఇంటివద్ద పరీక్షలో శ్రమను మరింత తగ్గించాయి.

అయితే మూత్రపరీక్షకు మౌలికమైన పరిమితి ఉంది. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 మిల్లీగ్రాములు (డెసిలీటరుకు) దాటితేనే సాధారణంగా అది మూత్రంలో కనిపిస్తుంది. పైగా ఆ ఫలితం గడచిన కొన్ని గంటల సంగతి చెబుతుందే గాని, ఆ క్షణపు స్థితిని చెప్పదు. ఇన్సులిన్ తీసుకునేవారికి ప్రాణాంతకం కాగల చక్కెర క్షీణతను అది అసలే పట్టుకోలేదు.

3. పట్టీ, మీటరు, ఒక రోగి

1965లో అమెరికాకు చెందిన ఏమ్స్ సంస్థ డెక్స్ట్రోస్టిక్స్ అనే రక్తపరీక్ష పట్టీని విడుదల చేసింది. పట్టీపై పెద్ద రక్తబిందువు వేసి, 60 సెకన్లు ఆగి, నీటితో కడిగి, ఏర్పడిన రంగును పట్టికతో పోల్చి చూడాలి. ఆ రంగును కాంతి పరావర్తనం ద్వారా అంకెగా మార్చే మీటరును ఆంటన్ క్లెమెన్స్ రూపొందించగా, 1970 ప్రాంతంలో అది విపణిలోకి వచ్చింది. కిలోకు పైగా బరువుండే ఆ యంత్రాన్ని వైద్యుల కోసం, ఆసుపత్రుల కోసం ఉద్దేశించారు. రోగికి దాన్ని అమ్మేవారు కారు.

ఈ నియమాన్ని దాటినవారిలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ ప్రసిద్ధుడు. వృత్తిరీత్యా ఇంజినీరైన ఆయనకు బాల్యంలోనే మధుమేహం వచ్చింది. వైద్యురాలైన భార్య పేరిట మీటరు కొనుగోలు చేసి, రోజుకు పలుమార్లు తన రక్తాన్ని తానే పరీక్షించుకుంటూ, ఆహారాన్నీ ఇన్సులిన్ మోతాదునూ సరిచేసుకున్నాడు. తన అనుభవాన్ని వివరిస్తూ రాసిన వ్యాసాలను వైద్యపత్రికలు తిరస్కరించాయి. చివరకు నలభై అయిదేళ్ల వయసులో వైద్యవిద్యలో చేరి, 1983లో పట్టా పొందాడు. రోగిగా చెప్పినప్పుడు చెల్లని మాట చెల్లుబాటు కావడానికి ఆయన వైద్యుడు కావలసివచ్చింది.

4. గుర్తింపు, నిరూపణ

1978లో లండన్‌లో పీటర్ సాంక్సెన్ బృందం, నాటింగ్‌హామ్‌లో రాబర్ట్ టాటర్సల్ బృందం ఇంటివద్ద రక్తపరీక్షపై తమ అధ్యయనాలను 'లాన్సెట్' పత్రికలో ప్రచురించాయి. రోగులు ఈ పరీక్షను సమర్థంగా చేసుకోగలరని, దానివల్ల చక్కెర అదుపు మెరుగవుతుందని అవి చూపాయి. 1987లో కలం పరిమాణంలో వచ్చిన విద్యుద్రసాయన మీటరు పరీక్షను ఎక్కడైనా చేసుకోగలిగేలా చేసింది.

నిర్ణాయకమైన ఆధారం 1993లో లభించింది. అమెరికా, కెనడాలలో టైప్-1 మధుమేహం ఉన్న 1,441 మందిపై జరిగిన అధ్యయనంలో, తీవ్ర చికిత్స బృందంలోనివారు రోజుకు కనీసం నాలుగుసార్లు రక్తపరీక్ష చేసుకుని ఇన్సులిన్ మోతాదును మార్చుకున్నారు. ఆరంభంలో కంటి రెటీనా దెబ్బతినని వారిలో ఆ జబ్బు సోకే ముప్పు 76 శాతం తగ్గింది. అదే సమయంలో తీవ్ర చక్కెర క్షీణత సుమారు మూడురెట్లు పెరిగింది. స్వాధికారం వెంట అప్రమత్తతా భారం కూడా రోగి భుజానికెక్కిందని ఈ రెండో ఫలితం తెలుపుతుంది.

5. ముగింపు

ఇన్సులిన్ వాడని టైప్-2 రోగులపై బ్రిటన్‌లో జరిగి 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో స్వీయపరీక్ష వల్ల చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. పై చరిత్రకు ఇది విరుద్ధం కాదు, పూరకం. బెర్న్‌స్టీన్‌కు గాని, 1993 నాటి అధ్యయనంలోని రోగులకు గాని మేలు చేసింది అంకె ఒక్కటే కాదు. ఆ అంకెను చూసి మోతాదు మార్చుకునే జ్ఞానం, స్వేచ్ఛ కూడా. అవి లేనిచోట రక్తబిందువు పుస్తకంలో నమోదుగానే మిగిలిపోతుంది. కనుక 'చేసుకోవడం' అన్న క్రియ సార్థకమయ్యేది మీటరు చేతికందినప్పుడు కాదు, నిర్ణయం చేతికందినప్పుడు.