1943: యుద్ధకాలపు ఫుట్‌బాల్, హైదరాబాద్ పోలీసుల విజయం

రెండో ప్రపంచ యుద్ధం ఉద్ధృతంగా సాగుతున్న 1943లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ దాదాపు స్తంభించిపోయింది. 1942లో జరగవలసిన ప్రపంచ కప్ రద్దయింది. 1946లోనూ ఆ పోటీ జరగలేదు. 1938 విజేత ఇటలీ వద్ద ఉన్న ట్రోఫీ జర్మన్ సేనల చేతికి చిక్కకుండా ఆ దేశ ఫుట్‌బాల్ అధికారి ఒత్తోరినో బరాస్సీ దానిని బూట్ల పెట్టెలో దాచిపెట్టారు.

అయినా ఆట పూర్తిగా ఆగిపోలేదు. జర్మనీ జాతీయ జట్టు 1942 నవంబరు తర్వాత అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడకపోయినా, దేశీయ ఛాంపియన్‌షిప్ కొనసాగింది. 1943 జూన్ 27న జరిగిన ఫైనల్‌లో డ్రెస్డెన్ జట్టు 3-0తో సార్‌బ్రూకెన్‌ను ఓడించింది. ఇటలీలో లీగ్, కప్ రెండూ టొరినోకే దక్కాయి. ఇంగ్లండ్‌లో 1939లోనే నిలిచిపోయిన లీగ్ స్థానంలో ప్రాంతీయ పోటీలు సాగాయి. అక్టోబరు 16న మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ 8-0తో స్కాట్లాండ్‌పై నెగ్గింది. యుద్ధరంగానికి దూరంగా ఉన్న అర్జెంటీనాలో బోకా జూనియర్స్ విజేతగా నిలిచింది.

భారతదేశంలోనూ యుద్ధప్రభావం కనిపించింది. 1940 తర్వాత డ్యూరాండ్ కప్ పోటీలకు సుదీర్ఘ విరామం ఏర్పడింది. 1941లో ప్రారంభమైన సంతోష్ ట్రోఫీకి ఆ వెంటనే అంతరాయం కలిగింది. బెంగాల్‌ను ఘోర క్షామం పీడిస్తున్న ఆ ఏడాదిలోనూ కలకత్తాలో పోటీలు జరిగాయి. లీగ్‌ను మోహన్ బగాన్, ఐ.ఎఫ్.ఎ. షీల్డ్‌ను ఈస్ట్ బెంగాల్ గెలుచుకున్నాయి.

యుద్ధం వల్ల దేశంలోని కంటోన్మెంట్లకు బ్రిటిష్ సైనికులు పెద్దసంఖ్యలో చేరుకోవడంతో, స్థానిక జట్లకు బలమైన ప్రత్యర్థులు ఎదురయ్యారు. ఈ నేపథ్యంలోనే 1943లో బెంగళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్ ఫైనల్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది. హైదరాబాద్ వెలుపల ఆ జట్టు సాధించిన తొలి ముఖ్య విజయాలలో ఇది ఒకటి.

అదే ఏడాది ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యతలు స్వీకరించారు. అనంతరం సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడై, దానిని దేశంలోని అగ్రశ్రేణి జట్లలో ఒకటిగా తీర్చిదిద్దారు. 1950లో పునఃప్రారంభమైన డ్యూరాండ్ కప్‌ను ఈ జట్టే మోహన్ బగాన్‌పై గెలిచి సొంతం చేసుకుంది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కూడా దానికే దక్కింది.

రహీం శిక్షణలోని భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టులో సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్‌కు చెందిన యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఆ విజయం తర్వాత ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు.