కైబాబ్ పీఠభూమి: జింకలు, పశువులు, మేత

ఒక సంఘటనకు ఒకే కారణం చెప్పే కథనం త్వరగా ప్రచారంలోకి వస్తుంది. అటువంటి కథనాన్ని చరిత్ర విద్యార్థిగా మీరు ఎలా పరిశీలించాలో ఈ భాగంలో తెలుసుకుంటారు.

నేపథ్యం

కైబాబ్ పీఠభూమి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, గ్రాండ్ కాన్యన్ లోయకు ఉత్తరాన ఉంది. 19వ శతాబ్దం చివరలో ఇక్కడ గొర్రెలు, ఆవులు పెద్ద మందలుగా మేసేవి. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దీనిని వన్యప్రాణి రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు. జింకల వేటను నిషేధించారు. ప్రభుత్వ వేటగాళ్లు ప్యూమాలను, కొయోటీలను చంపారు. జింకలు బాగా పెరిగాయి. 1924 తరువాతి శీతాకాలాల్లో మేత చాలక పెద్ద సంఖ్యలో చనిపోయాయి.

వివాదం

క్రూరమృగాలను చంపడమే దీనికి కారణమని పాఠ్యగ్రంథాలు చాలాకాలం బోధించాయి. 1970లో గ్రేమ్ కాగ్లీ అనే శాస్త్రవేత్త దీనిని ప్రశ్నించాడు. 1924 నాటి జింకల సంఖ్యపై అంచనాలు 30,000 నుంచి 1,00,000 వరకు ఉన్నాయి. ప్రచారంలో నిలిచింది మాత్రం పెద్ద అంకె. పైగా ఆ దశాబ్దాల్లోనే గొర్రెలు, ఆవులు బాగా తగ్గాయి. వాటికి పోయే మేత జింకలకు మిగలడం కూడా ఒక కారణం కావచ్చని అతని వాదన.

పోటీ ఎప్పుడు ఏర్పడుతుంది?

మన ఊళ్లలో ఆవు గడ్డిని, మేక రొట్టను ఎక్కువగా మేయడం మీరు చూసే ఉంటారు. కైబాబ్‌లోని మ్యూల్ జింక ఈ విషయంలో మేక వంటిది. పొదల ఆకులు, చిగుళ్లు దాని ముఖ్యాహారం. కాబట్టి గడ్డి సమృద్ధిగా ఉంటే ఆవుతో దానికి పోటీ తక్కువ. గడ్డి తరిగినప్పుడు ఆవులు పొదలను కూడా మేస్తాయి. వసంతంలో జింకలు లేత గడ్డికి వస్తాయి. అప్పుడు పోటీ తీవ్రమవుతుంది. అంటే తలల లెక్క ఒక్కటే చాలదు. ఏ కాలంలో, ఏ మొక్కను, ఏ జంతువు తిన్నదో కూడా తెలియాలి.

కొత్త ఆధారం

ఆస్పెన్ చెట్ల వయస్సును లెక్కించిన పరిశోధకులు, 1920ల నాటి మొక్కల్లో చెట్లుగా ఎదిగినవి చాలా తక్కువని 2006లో వెల్లడించారు. జింకలు మితిమీరాయన్న మాటకు ఇది బలం చేకూర్చింది. ఎవరూ సరిగా లెక్కపెట్టని కాలానికి చెట్లే దస్తావేజులయ్యాయి.

ఇది పండితుల చర్చ మాత్రమే కాదు. అడవిని కాపాడుకోవడానికి, రాష్ట్ర వేట చట్టాలు అడ్డువచ్చినా, కేంద్ర ప్రభుత్వం తన భూముల్లోని జింకలను చంపించవచ్చని 1928లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కారణాన్ని ఎలా నిర్ణయిస్తామన్న దానిపై మందను తగ్గించాలా, జింకలను చంపాలా అన్న నిర్ణయం ఆధారపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

కైబాబ్ జింకల పెరుగుదలకు చెప్పిన రెండు కారణాలను, వాటి ఆధారాలను పోల్చి పది వాక్యాల్లో రాయండి.