సీమ ఎండపై పరిశోధన

రాయలసీమ ఎండపై విశ్వవిద్యాలయాల పని సౌర పార్కులకంటే పాతది. 1954లో తిరుపతిలో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగం పలుచని పొరల సౌరఘటాలపై ఏళ్లతరబడి శ్రమించింది. బ్రిటన్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంతో కలిసి తగరం, గంధకాల సమ్మేళనంతో చేసిన ఘటం 2006లో 1.3 శాతం సామర్థ్యం చూపింది. అంకె చిన్నదే అయినా, అరుదైన లోహాలు అక్కర్లేని దారి అది.

అదే ఏడాది కడపలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. అక్కడివారు సూర్యకాంతితో నీటి నుంచి హైడ్రోజన్ తీసే ఉత్ప్రేరకాలపై దృష్టి పెట్టారు. పగటి ఎండను రాత్రికి దాచుకునే మార్గాల్లో ఇదొకటి.

2017లో నాటి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు, 2020లో కడప జిల్లా మైలవరంలో 250 మెగావాట్లు వచ్చాయి. వీటిని చేపట్టిన ఉమ్మడి సంస్థలో కేంద్ర సౌరశక్తి సంస్థ సెకీ, రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్‌లే భాగస్వాములు. విశ్వవిద్యాలయాలకు చోటు లేకపోవడం పెద్ద లోటు.