హద్దు మీది ఊరు

మన కాలనీ సంఘం రజతోత్సవ సంచికకి బల్దియా, అంటే హైదరాబాద్ నగరపాలక సంస్థ, చరిత్ర రాయమన్నారు. లాలాపేట్‌లో ఉంటూ ఆ పని చేయాలంటే ముందు హద్దు సంగతి చెప్పాలి. 2007 దాకా ఇక్కణ్నుంచి నాచారం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, బల్దియా అయిపోయేది. ఇవతల చెత్త ఊడ్చే జవాన్లు వేరు, అవతల వేరు. ఇంటి పన్ను లెక్కా వేరే. చుట్టం ఇల్లు రోడ్డుకి ఏ పక్క ఉందో తెలిస్తే, వాళ్లు ఏ ఆఫీసు చుట్టూ తిరుగుతారో చెప్పేయొచ్చు.

హైదరాబాద్‌లో పురపాలన 1869లో, సాలార్‌జంగ్ హయాంలో మొదలైంది. చాదర్‌ఘాట్‌కి విడిగా మున్సిపాలిటీ ఉండేది, 1933లో దాన్ని హైదరాబాద్‌లో కలిపారు. 1950లో హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ కార్పొరేషన్లయ్యాయి. 1960లో ఆ రెండూ ఒకటయ్యాయి. కలపడమే ఈ ఊరి అలవాటు. 2007 ఏప్రిల్‌లో మన పక్కనున్న ఉప్పల్ కలాన్, కాప్రా, మల్కాజిగిరి సహా 12 పురపాలికలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ పుట్టింది. ఆ రోజుతో మన హద్దు చెరిగిపోయింది. 2009 ఎన్నికల తర్వాత గ్రేటర్ తొలి మేయరు బండ కార్తీకరెడ్డి, 2021లో డిప్యూటీ మేయరు మోతె శ్రీలత, ఇద్దరూ మన వైపున్న తార్నాక డివిజన్ కార్పొరేటర్లే. పెద్ద కుర్చీలు మన దగ్గరికొచ్చాయని సంబరపడ్డాం. నిజమే కానీ ఆఫీసు మాత్రం దగ్గరికి రాలేదు.

2011 జనాభా లెక్కల్లో గ్రేటర్‌లో 67 లక్షల పైచిలుకు జనం తేలారు. అప్పటి 150 వార్డులకి పంచితే వార్డుకి దాదాపు 45 వేల మంది. అంతమందికీ ఒక్కరే కార్పొరేటర్. నాకు ఈ లెక్క గుచ్చుకున్నది మా వీధికి కాపలా కాసే గూర్ఖా వల్ల.

పేరేదైనా మనం అతన్ని బహదూర్ అనే పిలిచాం. రాత్రంతా కర్ర తాటించుకుంటూ, ఈల వేసుకుంటూ తిరిగేవాడు. ఓసారి మా బంధువుల పిల్ల జనన ధ్రువపత్రం కోసం సర్కిల్ ఆఫీసుకీ మీసేవకీ మధ్య తిరుగుతుంటే, అతను నవ్వి, నేపాల్‌లోని తమ ఊళ్లో అయితే వార్డు ఆఫీసులోనే రాసిస్తారన్నాడు. తమది గావ్‌పాలికా అన్నాడు. ఆ మాట అప్పుడే విన్నాను.

తర్వాత చదివి తెలుసుకున్నాను. నేపాల్‌లో 2015 రాజ్యాంగం వచ్చాక, 2017లో వేలకొద్దీ ఉన్న గ్రామాభివృద్ధి సమితుల్ని కలిపి, పట్టణాలతో సహా 753 స్థానిక ప్రభుత్వాలు చేశారు. అందులో 460 గావ్‌పాలికాలు, అంటే గ్రామీణ పురపాలికలు. వాళ్లూ మనలాగే కలిపారు, అయితే కలిపేటప్పుడు వార్డుని బలపరిచారు. దేశం మొత్తంలో 6,743 వార్డులు. 2021 జనాభా 2 కోట్ల 91 లక్షలు కాబట్టి, వార్డుకి నాలుగు వేల మంది చిల్లర. ప్రతి వార్డుకీ ఎన్నికైన అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. ఆ నలుగురిలో ఇద్దరు స్త్రీలు, వారిలో ఒకరు దళిత స్త్రీ అయి తీరాలి. పుట్టుక, చావు, పెళ్లి నమోదు వార్డులోనే. సగటు గావ్‌పాలికాలో ఉండే జనం ఇరవై వేల పైచిలుకు. అంటే అప్పటి మన ఒక్క వార్డులో రెండు గావ్‌పాలికాలు పడతాయి! కొండల్లో ఆ వార్డు ఆఫీసుకి చేరాలంటే కొందరు గంటలకొద్దీ నడవాలి, అదీ నిజమే. మనకి ఆటో ఉంది, చేరాక పని అవుతుందా అన్నదే అనుమానం.

వార్డుని బలపరచాలన్న సంగతి మన వాళ్లకీ తట్టకపోలేదు. 2023 జూన్‌లో గ్రేటర్ 150 వార్డుల్లోనూ వార్డు కార్యాలయాలు తెరిచింది. రోడ్డు, దోమ, చెత్త, వీధి దీపం అన్నిటికీ సిబ్బంది ఒకే కప్పు కింద ఉంటారన్నారు. 2025 డిసెంబరులో మరో 27 పురపాలక సంస్థల్ని కలిపి, వార్డుల్ని 300కి పెంచుతూ కొత్త గీతలు గీశారు. వార్డు చిన్నదవడం మంచిదే. అయితే కుర్చీలో మనిషి ఉండాలి, ఆ మనిషికి సంతకం పెట్టే అధికారం ఉండాలి.

ఇక ఓటు సంగతికొస్తే, 2020 డిసెంబరు 1న మన బల్దియా ఓట్లప్పుడు నగరంలో సగం మందైనా బూత్ మొహం చూడలేదు. 2022 మేలో నేపాల్‌లో స్థానిక ఎన్నికలు వచ్చినప్పుడు బహదూర్ ఓటేసి వస్తానని సెలవడిగి, రెండు రైళ్లూ బస్సూ మారి వెళ్లాడు. ఆ పదిహేను రోజులూ మా వీధిలో ఈల వినబడలేదు.