నీళ్ళ పొయ్యిలో పోయిన ఆస్తి

2022 ఆగస్టులో అమెరికాలో ఒక అట్టముక్క వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. ఆనాటి లెక్కన మన డబ్బులో సుమారు వంద కోట్లు! అరచేతిలో ఇమిడే ముక్క. దానిమీద మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ. పేపర్లో చూసి మావారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి, "ఏం, నీ అగ్గిపెట్టె పటాలు గుర్తొచ్చాయా?" అన్నారు. ఎగతాళికే అన్నారు గానీ, నా గుండె మాత్రం నిజంగానే కలుక్కుమంది.

మాది ఆదోని. పత్తికీ, బుడ్డలకీ (వేరుశనక్కాయలను మేమలాగే అంటాం) పేరుపడ్డ ఊరు. రెండో బొంబాయి అని పెద్దవాళ్ళు గొప్పలు పోయేవారు. 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉన్న తాలూకా కనుక వీధిలో తెలుగూ, కన్నడం, ఉరుదూ కలగలిసి వినిపించేవి. ఎటు చూసినా బేరాలే. ఇక పిల్లలు మాత్రం ఊరుకుంటారా? మా సరుకు అగ్గిపెట్టె మీది పటం. ఖాళీ పెట్టెను నీళ్ళలో నానేసి, బొమ్మ చిరగకుండా ఒలిచి, ఆరబెట్టి, లెక్కల పుస్తకంలో దాచుకోవడం. మగపిల్లలు వాటిని గీత మధ్య దొంతరగా పెట్టి బండపలుకుతో కొట్టేవారు. గీత దాటినవి కొట్టినవాడివి.

ఇన్ని రకాల బొమ్మలు ఎక్కణ్ణించి వచ్చేవని అప్పుడు ఆలోచించలేదు. అసలు మన దేశంలోకి మొదట అగ్గిపెట్టెలు స్వీడన్ నుంచీ, జపాన్ నుంచీ ఓడల్లో దిగేవి. స్వీడన్ వాళ్ళ పెట్టుబడితో 1923లో విమ్కో కంపెనీ ఇక్కడే పెట్టారు. షిప్ మార్కు వాళ్ళదే. సరిగ్గా ఆ రోజుల్లోనే శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అని ఇద్దరు దాయాదులు కలకత్తా వెళ్ళి, ఈ పని నేర్చుకుని తిరిగొచ్చి తమ ఊళ్ళో మొదలుపెట్టారు. వానలు లేని, పంటలు పండని నేల వాళ్ళది. పెద్ద కంపెనీకి ఒకటో రెండో మార్కులు చాలు. శివకాశి చుట్టుపక్కల పుట్టిన చిన్న చిన్న కార్ఖానాలకు మాత్రం ఎవరి బొమ్మ వారికి కావాలి. చిలక, తామర, గడియారం, తాళంచెవి, పులి... అక్షరం రానివాళ్ళు సరుకు గుర్తుపట్టేది బొమ్మను చూసే కదా! ఆ బొమ్మలు అచ్చువేయడానికని వచ్చిన ప్రెస్సులతోనే శివకాశి అచ్చుపనికి కూడా రాజధాని అయింది. తర్వాత మనిళ్ళలో వేలాడిన దేవుళ్ళ క్యాలెండర్లన్నీ అక్కడివే కాకపోయినా, చాలా మటుకు అక్కడివే.

అంతకుముందు మాంచెస్టరు బట్టలదీ ఇదే కథ. తాను మీద కృష్ణుడో, సరస్వతో ఉన్న రంగుల కాగితం అతికించి పంపేవారు. బట్ట చిరిగిపోయినా బొమ్మ దేవుడి గూట్లో మిగిలేది. అంటే బొమ్మలు దాచే అలవాటు పిల్లలతో మొదలైంది కాదు, మన అవ్వలదే.

పటాల ఆటలో ఆడపిల్లల్ని కలుపుకునేవారు కాదు. వీధిలో బండపలుకు విసిరితే అమ్మ కాళ్ళు విరగ్గొడుతుంది. కానీ ఒక సంగతి మగపిల్లలకు తట్టలేదు. అగ్గిపెట్టె ఉండేది వంటింట్లో. పక్కింటి వంటింట్లోకి పోవాలంటే మగపిల్లవాడికి సిగ్గు, నాకేమో అడ్డు లేదు. "అత్తా, అమ్మ గిన్నెడు చక్కెర ఇమ్మనింది" అంటూ వెళ్ళి, పొయ్యి గట్టు మీద ఓ కన్ను వేసేదాన్ని. పుల్లలు ఇంకా నాలుగుంటే వాటిని వేరే పెట్టెలోకి మార్చి ఇచ్చిన మహాతల్లులు కూడా ఉన్నారు. ఏడేళ్ళకే వీధి మొత్తానికీ నేనే సప్లయిదారుని. మా అన్న నా ఏజెంటు. గెలిచినవాటిలో సగం నాకు రావాలి. వచ్చేవి కావనుకోండి, అది వేరే కథ.

సెలవులకు ఎమ్మిగనూరు పోయినప్పుడు నా అసలు వ్యాపారం. మా మేనత్తది అక్కడే. తెల్లారకముందే మగ్గాల టకటకలు వినిపించే వీధి. మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టి, దిక్కులేని మగ్గాలకు నూలూ, బట్టకు బజారూ చూపించిన ఊరు. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఊరి దుకాణాల వాళ్ళు తెప్పించే మార్కులు వేరు. ఆదోనిలో కాకులకు వేసినా ముట్టని చిలక బొమ్మ ఎమ్మిగనూర్లో పదింటి పెట్టు. అక్కడ చెత్తకుప్పలో దొరికే గడియారానికి మా వీధిలో మొక్కేవారు. నడుమ ముప్పై కిలోమీటర్లలోపు బస్సు ప్రయాణం, అంతే. వ్యాపారమంటే ఏమిటో ఎకనామిక్స్ పుస్తకం కంటే ముందు ఆ బస్సే నాకు నేర్పింది.

జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర వస్తే పశువుల సంత కూడేది. రైతులు తువ్వాలు కింద చేతులు దాచి, వేళ్ళు నొక్కుతూ ఎద్దుల బేరం ఆడటం మేం చూసి వచ్చాం. మరునాటి నుంచి మా బేరాలు కూడా చేతిరుమాలు కిందే! నా బావమరిది వరసైన పిల్లవాడొకడు రెండు వేళ్ళు నొక్కి, రుమాలు తీశాక "నేను నొక్కింది ఒకటే" అని బుకాయించాడు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనబడితే అడుగుతాను.

1987లో రిలయన్స్ కప్పు వచ్చింది. బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు, వాటి మీద పరుగులు. ఇన్ని పరుగులు పోగుచేసి ఇస్తే, గబగబా తిప్పితే ఆట కదిలే చిన్న పుస్తకం ఇచ్చేవారు. అక్టోబరు 31న నాగపూర్లో గవాస్కర్ సెంచరీ కొట్టాడు, వన్డేల్లో ఆయనకున్నది అదొక్కటే. మర్నాడు మా వీధిలో గవాస్కర్ రేటు పత్తి రేటులా లేచింది. నవంబరు 5న బొంబాయి సెమీఫైనల్లో ఇంగ్లండు చేతిలో ఓడాం. సాయంత్రానికి అడిగే నాథుడు లేడు. అన్న ఏడ్చింది దేశం కోసమో, ముందురోజే ఇరవై పటాలిచ్చి కొన్న గవాస్కర్ కోసమో నాకు తెలియలేదు.

అవన్నీ ఏమయ్యాయంటారా? దసరా సెలవులకు ఎమ్మిగనూరు వెళ్ళి వచ్చేసరికి నా బిస్కెట్ డబ్బా ఖాళీ. "ఆ చిత్తు కాయితాలా? నీళ్ళ పొయ్యిలోకి పెడితిని గదా!" అంది అమ్మ. మూడువందల పైచిలుకు పటాలతో ఒక తలంటుకు నీళ్ళు కాగాయి.

బేస్‌బాల్ ముక్కల చరిత్ర చదువుతుంటే అమ్మే కనిపించింది. 1880ల్లో అమెరికా సిగరెట్ కంపెనీలు మెత్తటి ప్యాకెట్టు నలగకుండా లోపల ఒక అట్ట పెట్టేవి. ఉత్తి అట్ట ఎందుకని నటీమణుల బొమ్మలు, ఆటగాళ్ళ బొమ్మలు అచ్చువేశారు. 1909లో వేసిన వాటిలో హోనస్ వాగ్నర్ తన బొమ్మ వద్దన్నాడు. పిల్లలు పొగాకు కొంటారని కొందరు, డబ్బివ్వలేదని కొందరు అంటారు. మొత్తానికి ఆపేశారు. మిగిలినవి అరవై లోపే. అందులో ఒకటి 2022లోనే 72 లక్షల 50 వేల డాలర్లకు పోయింది. తర్వాత బబుల్ గమ్ కంపెనీల వంతు. టాప్స్ కంపెనీలో సై బెర్గర్ అనే ఉద్యోగి తనింట్లో వంటింటి బల్ల మీద కత్తెరా, అట్టా పెట్టుకుని 1952 నాటి ముక్కలకు రూపం కల్పించాడు. అమ్ముడుపోని పెట్టెల్ని కొన్నేళ్ళకు తనే పడవలో తీసుకెళ్ళి సముద్రంలో పారబోయించాడు. పిల్లల దగ్గరున్నవాటిని, వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక, తల్లులు ఊడ్చి పారేశారు. మికీ మాంటిల్‌కు వంద కోట్లు పలికిందంటే అందులో ఆ తల్లుల చీపురు వాటా కూడా ఉంది! అందరూ దాచి ఉంటే దాన్ని అడిగేదెవరు?

ఈ లెక్క నాకు ఊరట ఇవ్వాలి. ఇవ్వలేదు. ఎందుకంటే ఇంకొకటి చెప్పలేదు మీకు. 2018లో కర్నూల్లో ఇల్లు మారేటప్పుడు మావాడి క్రికెట్ అటాక్స్ ముక్కలు ఒక చెప్పుల పెట్టెనిండా ఉంటే, పాత పేపర్లవాడికి తూకానికి వేశాను. అవీ ఆ టాప్స్ కంపెనీవే. వాడికి పదకొండేళ్ళు. అరవలేదు, ఏడవలేదు. "ఎంతిచ్చాడమ్మా?" అన్నాడంతే. పన్నెండు రూపాయలని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ వేసవిలో ఆదోని వెళ్ళినప్పుడు వాడు వాళ్ళవ్వకు చాడీ చెప్పాడు. అమ్మ పకపకా నవ్వి, "మీ అమ్మయితే మూడురోజులు అన్నం తినలేదురా. నువ్వే మేలు" అంది. వాడు నావంక చూశాడు. నేను దండెం మీది బట్టలు తెచ్చే నెపంతో మిద్దెపైకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు వాడు హాస్టల్లో ఉంటున్నాడు. మొన్న వచ్చినప్పుడు పర్సులో చిల్లర వెతుకుతుంటే కాలేజీ కార్డు వెనకాల అంచులు అరిగిన ముక్కొకటి కనబడింది. ఎవరిదిరా అని చెయ్యి చాపాను. "నువ్వు మాత్రం ముట్టుకోవద్దమ్మా" అని పర్సు మూసేశాడు.