విడివిడిగా పాస్, కలిపితే ఫెయిల్: టెస్టుల్లో పోర్టు గొడవ

చాలా ఏళ్ల విరామం తర్వాత మళ్లీ ఉద్యోగం కోసం జావా నేర్చుకుంటున్నాను. స్ప్రింగ్ బూట్ 3తో చేసుకున్న చిన్న ప్రాజెక్టులో రెండు ఇంటిగ్రేషన్ టెస్టులు విడివిడిగా పాసయ్యేవి. కలిపి నడిపితే రెండోది ‘పోర్ట్ 8080 ఆల్రెడీ ఇన్ యూజ్’ అంటూ ఆగిపోయేది. నాకు కోడింగ్ రావడం లేదేమోనని రెండు రోజులు బెంగపడ్డాను. నాలా మళ్లీ మొదలుపెట్టేవాళ్లు అలా బెంగపడకూడదని ఇది రాస్తున్నాను.

ఎందుకు వస్తుంది?

ఒక కంప్యూటర్లో ఒకే చిరునామా మీద ఒక పోర్టును మామూలుగా ఒక సర్వరే వాడుకోగలదు. టెస్టులో ‘డిఫైన్డ్ పోర్ట్’ అని పెడితే, మనం వేరే నంబరు ఇవ్వనంతవరకు సర్వరు 8080నే అడుగుతుంది. పైగా మొదటి టెస్టు క్లాసు అయిపోయినా స్ప్రింగ్ ఆ కాంటెక్స్ట్‌ను మూయదు. మళ్లీ పనికొస్తుందని దాచి ఉంచుతుంది కాబట్టి సర్వరు కూడా నడుస్తూనే ఉంటుంది. వేరే సెట్టింగులున్న రెండో క్లాసుకు కొత్త సర్వరు కావాలి. అదీ 8080నే అడుగుతుంది.

పనికిరాని చిట్కాలు

రెండో క్లాసుకు 8081 ఇచ్చాను. నా ల్యాప్‌టాప్‌లో పనిచేసింది. కానీ ఒకే మెషీన్‌లో రెండు బిల్డులు ఒకేసారి నడిస్తే మళ్లీ అదే గొడవ. ఖాళీ పోర్టును ముందే వెతికి సర్వరుకు ఇవ్వడమూ నమ్మకం లేని పనే. వెతికిన క్షణానికీ వాడే క్షణానికీ మధ్య ఇంకో ప్రోగ్రాం దాన్ని తీసుకోవచ్చు. ‘డర్టీస్ కాంటెక్స్ట్’ పెడితే క్లాసు అయిపోగానే సర్వరు మూతపడుతుంది. కానీ ప్రతిసారీ కొత్తగా మొదలవ్వాలి కాబట్టి టెస్టులు నెమ్మదిస్తాయి.

సరైన పరిష్కారం

పోర్టు నంబరు 0 ఇవ్వాలి. అంటే ‘ఏది ఖాళీగా ఉంటే అది ఇవ్వు’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగడం. వెతకడం, కేటాయించడం ఒకేసారి జరిగిపోతాయి. స్ప్రింగ్ బూట్ టెస్టులో వెబ్ ఎన్విరాన్‌మెంట్‌ను ‘ర్యాండమ్ పోర్ట్’ చేస్తే చాలు. దొరికిన నంబరును ‘లోకల్ సర్వర్ పోర్ట్’ యానొటేషన్‌తో తెలుసుకోవచ్చు. వైర్‌మాక్ వాడితే దానికి ‘డైనమిక్ పోర్ట్’ పెట్టండి. టెస్టుల్లోని యూఆర్‌ఎల్‌లో 8080 అని ఎక్కడా చేత్తో రాయకండి.

ఒక్క టెస్టు నడిపినా ఇదే ఎర్రర్ వస్తుంటే, మీ యాప్ ఇంకో కిటికీలో నడుస్తోందేమో ముందు చూడండి. నాకు అదీ జరిగింది!