జాన్-జాక్ ముయెంబే

జాన్-జాక్ ముయెంబే టంఫుమ్ (జననం: 1942 మార్చి 17) కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానికి చెందిన వైద్యుడు, సూక్ష్మజీవి శాస్త్రవేత్త. 1976లో యంబుకు గ్రామంలో ప్రబలిన ఎబోలా వ్యాధిని ప్రత్యక్షంగా పరిశీలించిన తొలి శాస్త్రవేత్త ఈయనే. ఆ వ్యాధికి చికిత్స కనుగొనడంలో కూడా ఈయన ప్రధాన పాత్ర వహించాడు.

తొలి జీవితం

ముయెంబే అప్పటి బెల్జియన్ కాంగోలోని బందుందు ప్రాంతంలో జన్మించాడు. జెసూట్ పాఠశాలల్లో చదివి, కిన్షాసాలోని లొవానియం విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేశాడు. తరువాత బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో వైరస్‌ల అధ్యయనంలో డాక్టరేటు పొంది స్వదేశానికి తిరిగివచ్చాడు.

యంబుకు, 1976

ఉత్తర కాంగోలోని (అప్పటి జైర్) యంబుకులో బెల్జియన్ సన్యాసినులు నడిపే ఆసుపత్రి ఉండేది. అక్కడ అంతుచిక్కని జ్వరంతో జనం మరణిస్తున్నారని తెలిసి ప్రభుత్వం ముయెంబేను పంపింది. ఈయన వెళ్ళేసరికి ఆసుపత్రి దాదాపు ఖాళీగా ఉంది. అక్కడికి వెళ్తేనే జబ్బు అంటుకుంటున్నదని గ్రామస్థులు భావించారు. వారి అనుమానం నిజమేనని తరువాతి విచారణలో తేలింది: సరిగా శుద్ధి చేయని కొద్దిపాటి సిరంజిలనే రోజంతా అందరికీ వాడేవారు.

టైఫాయిడ్ లేదా పచ్చజ్వరం కావచ్చునని తలచి ముయెంబే రోగుల నుండి రక్తం తీశాడు. సూది గుచ్చిన చోట రక్తస్రావం ఆగలేదు. చేతి తొడుగులు లేకపోవడంతో ఈయన చేతులు రక్తంతో తడిసిపోయాయి. సబ్బుతో కడుక్కోవడం తప్ప వేరే రక్షణ లేదు. ఈయనకు వ్యాధి సోకకపోవడం కేవలం అదృష్టమనే చెప్పాలి.

జ్వరంతో ఉన్న ఒక సన్యాసినిని ఒప్పించి ఈయన తనతో కిన్షాసాకు తీసుకువచ్చాడు. ఆమె కొద్దిరోజులకే మరణించింది. కిన్షాసా నుండి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌కు థర్మోఫ్లాస్కులో పంపిన రక్తంలోనే పురుగు ఆకారంలో ఉన్న కొత్త వైరస్ కనిపించింది. యంబుకు పరిసర ప్రాంతంలోని ఒక నది పేరిట దానికి ఎబోలా అని పేరుపెట్టారు. ఆ సంవత్సరం కాంగోలో 318 మందికి వ్యాధి సోకగా 280 మంది మరణించారు. చాలాకాలం పాటు ఈ ఆవిష్కరణ చరిత్రలో విదేశీ ప్రయోగశాలల పేర్లే వినిపించాయి. ముయెంబే పేరుకు తగిన స్థానం చాలా ఆలస్యంగా లభించింది.

కిక్విట్, రక్తమార్పిడి ప్రయోగం

1995లో కిక్విట్ నగరంలో ఎబోలా మళ్ళీ విజృంభించి సుమారు 250 మందిని బలిగొన్నది. నివారణ చర్యలకు ముయెంబే నాయకత్వం వహించాడు. రోగులను వేరుగా ఉంచడం, సిబ్బందికి రక్షణ దుస్తులు, జాగ్రత్తతో కూడిన అంత్యక్రియలు ఇందులో ముఖ్యమైనవి.

వ్యాధి నుండి కోలుకున్నవారి రక్తంలో వైరస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఉంటాయని భావించి, ఆ రక్తాన్ని 8 మంది రోగులకు ఎక్కించారు. వారిలో 7 మంది బ్రతికారు. అయితే పోల్చిచూడడానికి వేరొక రోగుల బృందం లేదని, అప్పటికే ఆసుపత్రిలో సంరక్షణ మెరుగుపడిందని పలువురు శాస్త్రవేత్తలు దీనిని అంగీకరించలేదు. ఆ అభ్యంతరాలు సహేతుకమైనవే. అయినప్పటికీ ముయెంబే ఈ ఆలోచనను విడువలేదు. కిక్విట్‌లో కోలుకున్న ఒక వ్యక్తి రక్తం నుండి, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తల సహకారంతో ఎం.ఎ.బి.114 అనే ప్రతిరక్షకం రూపొందింది.

2018-20 మహమ్మారి

2018 ఆగస్టులో తూర్పు కాంగోలో మొదలైన వ్యాప్తి 2,200 మందికి పైగా ప్రాణాలు తీసింది. సాయుధ ముఠాల దాడులు, ప్రజల అపనమ్మకం నివారణ పనికి అడ్డుతగిలాయి. 2019 జూలైలో దేశాధ్యక్షుడు ఈ బాధ్యతను ముయెంబే నేతృత్వంలోని బృందానికి అప్పగించాడు. 2020 జూన్ 25న అక్కడ వ్యాధి అంతమైనట్లు ప్రకటించారు.

ఈ కాలంలోనే 681 మంది రోగులపై నాలుగు మందులను పోల్చి పరీక్షించారు. అంతకుముందు ఆశలు రేపిన జెడ్‌మ్యాప్ తీసుకున్నవారిలో సగం మంది మరణించగా, ఎం.ఎ.బి.114 తీసుకున్నవారిలో మరణాలు 35 శాతం. రీజెనెరాన్ సంస్థ మందు కూడా దాదాపు ఇదే ఫలితాన్నిచ్చింది. తొలిదశలోనే చికిత్సకు వచ్చినవారిలో మరణాలు ఇంకా చాలా తక్కువ. 2020 డిసెంబరులో ఎం.ఎ.బి.114కు ఎబాంగా అనే పేరుతో అమెరికాలో అనుమతి లభించింది.

రోగుల రక్తనమూనాలు దేశంలోనే ఉండాలని ఈయన 2019లో నిర్ణయించాడు. ఒకప్పుడు నమూనాలను విదేశాలకు పంపక తప్పని స్థితిని చూసిన వ్యక్తి తీసుకున్న నిర్ణయం కనుక ఇది గమనింపదగినది.

పదవులు, పురస్కారాలు

1998లో కిన్షాసాలోని జాతీయ జీవవైద్య పరిశోధనా సంస్థకు డైరెక్టరు అయ్యాడు. 2020లో దేశంలో కోవిడ్-19 నివారణ చర్యలకు కూడా నాయకత్వం వహించాడు. 2019లో జపాన్ ప్రభుత్వం ఈయనకు హిదెయో నొగుచి ఆఫ్రికా బహుమతిని ప్రదానం చేసింది.